ఆరు గంటల డోసు, పది గంటల కోత

నేను నల్గొండలో ముఖం, దవడ ఎముకల ఆపరేషన్లు చేసే సర్జన్‌ని. ఈ కేసు రాసుకోవడానికి పేషెంట్, ఆయన భార్య ఇద్దరూ ఒప్పుకున్నారు. వాళ్లను గుర్తుపట్టే వివరాలు మార్చాను. మందులు, డోసులు, టైములు మాత్రం కేస్ షీట్‌లో ఉన్నవే. ఆపరేషన్‌కి యాంటీబయాటిక్ ఎన్ని రోజులు వాడాలనే దాని మీద మన దగ్గర చాలా పట్టింపు ఉంది. మొదటి డోసు ఏ నిమిషానికి పడాలనే దాని మీద అంత పట్టింపు లేదు. ఆ నిమిషాల గురించే ఇది రాస్తున్నాను.

పేషెంట్‌ది మర్రిగూడ వైపు ఒక ఊరు. యాభై దాటిన బత్తాయి రైతు. ఆదివారం రాత్రి తోట నుంచి బండి మీద వస్తుంటే రోడ్డుకు అడ్డంగా బర్రెలు వచ్చాయి. బ్రేక్ కొడితే బండి జారి, గడ్డం తారురోడ్డుకు కొట్టుకుంది. స్పృహ తప్పలేదు, వాంతులు కాలేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఆ రాత్రే ఒక సూది వేసి, సెఫిక్సిమ్ 200 ఎంజీ గోలీలు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకోమన్నారు. నొప్పికి ఇంకో గోలీ ఇచ్చారు. వాపు తగ్గుతుందేమోనని రెండు రోజులు చూసి, బుధవారం పొద్దున నా దగ్గరికి వచ్చారు.

“సారు, పండ్లు కలుస్తలేవు. బువ్వ నమలవస్తలేదు. నీళ్లు తాగుతుంటె పక్కకెల్లి కారిపోతున్నయి” అన్నారు.

ఎడమ దవడ మూల బాగా వాచి ఉంది. నోరు రెండు వేళ్లు కూడా దూరనంతే తెరుచుకుంటోంది. కింది పెదవి ఎడమ సగం మొద్దుబారింది. టార్చి వేసి చూస్తే కుడి వైపు కోరపన్నుకీ దాని వెనక పన్నుకీ మధ్య చిగురు నిలువునా చీలి, ఒక పన్ను మెట్టులా కిందికి దిగి ఉంది. ఎడమ వైపు చివర్న సగం బయటికి వచ్చిన జ్ఞానదంతం, దాని చుట్టూ ఎర్రగా ఉబ్బిన చిగురు. నోట్లోంచి వాసన వస్తోంది. దవడ మొత్తం ఒకేసారి కనిపించే ఓపీజీ ఎక్స్‌రేలో అనుకున్నట్టే కనిపించింది: కుడి వైపు గడ్డానికి దగ్గర్లో ఒక ఫ్రాక్చర్, ఎడమ దవడ మూలలో జ్ఞానదంతం వేరును చీల్చుకుంటూ ఇంకొకటి.

బయట చర్మం మీద చిన్న గీకుడు తప్ప గాయం లేదు. “లోపల ఇరిగింది గాని పైకి దెబ్బ లేదు గదా” అన్నాడు వెంట వచ్చిన తమ్ముడు. నిజానికి పళ్లు ఉన్న చోట దవడ విరిగితే అది నోట్లోకి తెరుచుకున్న గాయమే. పంటికీ ఎముకకీ మధ్య ఉండే సన్నటి పొర చిరిగి, ఉమ్మి నేరుగా విరిగిన ఎముక అంచులకు తగులుతుంది. ఉమ్మిలో స్ట్రెప్టోకాకస్ జాతి సూక్ష్మజీవులు, గాలి తగలని చోట పెరిగే ప్రివొటెల్లా, ఫ్యూజోబాక్టీరియం లాంటివి కోట్లలో ఉంటాయి. ఆ వాసన వాటిదే. సెఫిక్సిమ్ ఈ గాలి సరిపడని సూక్ష్మజీవుల మీద దాదాపు పనిచేయదు. మూడు రోజులు గోలీలు పడ్డాయన్న ధైర్యం ఇంట్లో వాళ్లకు ఉంది గానీ, విరిగిన చోట మాత్రం కాపలా లేదు.

రక్త పరీక్షల్లో షుగర్ 286. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 8.4. షుగర్ ఉందని ఆయనకు అప్పటిదాకా తెలియదు. తంబాకు నమిలే అలవాటు ఇరవై ఏళ్లుగా ఉంది. కిడ్నీ పరీక్షలు మామూలుగానే ఉన్నాయి.

ఇంకో విషయం ఎక్స్‌రే చూడకముందే కనిపించింది. పక్కనున్న భార్యను చూడాలంటే ఆయన మెడ తిప్పరు, కుర్చీలో ఒళ్లంతా తిప్పుతారు. పళ్ల మీద గోధుమరంగు చారలు, అక్కడక్కడా గుంటలు. మా జిల్లాలో ఈ పళ్లు చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. ముంజేతి ఎక్స్‌రే తీయిస్తే రెండు ఎముకల మధ్య ఉండే పొర సున్నం పట్టినట్టు గట్టిపడి ఉంది. మెడ ఎముకలు తెల్లగా, దట్టంగా ఉన్నాయి. ఎముకల ఫ్లోరోసిస్. ఇప్పుడు ఆ ఊరికి కృష్ణా నీళ్లు వస్తున్నాయి. కానీ పుట్టిన దగ్గర్నుంచి నలభై ఏళ్లు తాగిన బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్లోనే ఉండిపోయింది. ఈ బిగుసుకుపోయిన మెడకీ యాంటీబయాటిక్‌కీ ఏం సంబంధమో ముందు ముందు వస్తుంది.

“పెన్సిలిన్ పడదు”

అడ్మిషన్ రాస్తుంటే ఆయన భార్య గట్టిగా చెప్పింది: “సారు, ఈయనకు పెన్సిలిన్ పడదు. చిన్నప్పుడు సూది ఏస్తె పడిపోయిండంట. మా అత్త చెప్పేది.”

ఈ ఒక్క మాటతో చాలా కేసుల్లో దారి మారిపోతుంది. సిస్టర్ షీట్ పైన ఎర్ర ఇంకుతో ‘పెన్సిలిన్ అలర్జీ’ అని రాస్తుంది. ఇక జీవితాంతం ఎవరూ దాన్ని కొట్టేయరు. క్లిండమైసిన్ రాస్తారు, లేకపోతే ఇంకా పెద్ద మందుకు వెళ్తారు. క్లిండమైసిన్‌తో విరేచనాల ఇబ్బంది ఎక్కువ. ప్రాణాల మీదికి తెచ్చే క్లాస్ట్రిడియం డిఫిసిల్ పేగు జబ్బు కూడా రావచ్చు. ఆ కారణంగానే గుండె కవాటాల జబ్బు ఉన్నవాళ్లకు పన్ను తీసే ముందు ఇచ్చే మందుల జాబితా నుంచి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2021లో దాన్ని తీసేసింది.

అందుకే కూర్చోబెట్టి అడిగాను. పడిపోయినప్పుడు ఒంటి మీద దద్దుర్లు లేచాయా? మొహం వాచిందా? ఆయాసం వచ్చిందా? అవేవీ ఆమెకు తెలియవు. అత్త ఇప్పుడు లేదు. పేషెంట్‌కే కొంచెం గుర్తుంది: సూది చూడగానే కళ్లు తిరిగాయి, చెమటలు పట్టాయి, మంచం మీద పడుకోబెట్టి నీళ్లు తాగిస్తే కాసేపటికి లేచి ఆడుకోవడానికి వెళ్లిపోయాడు. అది భయంతో కళ్లు తిరగడంలా ఉంది, అలర్జీలా లేదు.

“ఈ మధ్య దగ్గుకో జ్వరానికో ఏమైనా గోలీలు వాడారా అమ్మా?” అన్నాను. ఆమె చేతిలో ఒక బట్టల షాపు కవరు ఉంది. అందులోంచి ఆధార్ కార్డు, బస్సు టికెట్లు, పాత చీటీలు, రబ్బరు బ్యాండు వేసిన మందు షీట్లు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. అడుగున నలిగిపోయిన ఒక షీటు దొరికింది. పదిలో ఎనిమిది గుళికలు అయిపోయాయి. వెనక రేకు మీద సగం చెరిగిన అక్షరాలు: అమాక్సిసిలిన్ 500 ఎంజీ. పోయిన చలికాలం దగ్గుకు ఈయనే వాడారట. “మంచిగనే తగ్గింది సారు” అంది.

అమాక్సిసిలిన్ పెన్సిలిన్ జాతి మందే. దాన్ని ఎనిమిది గుళికలు మింగి ఏమీ కాలేదంటే, ఆ ఎర్ర ఇంకు రాయాల్సిన అవసరం లేదు. అయినా వార్డులో ఒక గుళిక ముందుగా మింగించి, అలర్జీ వస్తే వెంటనే ఇవ్వడానికి అడ్రినలిన్ ట్రే పక్కన పెట్టుకుని గంటసేపు చూశాం. ఏమీ కాలేదు. సాయంత్రం నుంచి సెలైన్ గొట్టం ద్వారా అమాక్సిసిలిన్–క్లావులానిక్ యాసిడ్ 1.2 గ్రాములు ఎనిమిది గంటలకోసారి మొదలుపెట్టాం. ఆ కవరు వెతకడానికి పట్టింది ఐదు నిమిషాలు. అలర్జీ మాట వచ్చిన ప్రతి కేసులో ఈ ఐదు నిమిషాలు పెట్టాలని జూనియర్లకు చెబుతుంటాను. ఒకవేళ నిజంగానే పెన్సిలిన్ అలర్జీ ఉన్నా చాలామందికి సెఫజోలిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ ఇవ్వొచ్చు. దాని నిర్మాణంలో పక్క గొలుసు పెన్సిలిన్ల దానితో పోలదు. దవడ ఆపరేషన్లలో దానికి మెట్రోనిడజోల్ తోడు చేస్తే సరిపోతుంది.

పాత కేసు ఒకటి

షుగర్ దించడానికి, మత్తు డాక్టర్ మెడ సంగతి చూసుకోవడానికి రెండు రోజులు కావాలి. ఆపరేషన్ శుక్రవారం పెట్టుకున్నాం. విరిగిన రోజు నుంచి బిగించే రోజు దాకా యాంటీబయాటిక్ నడవడం అవసరమే, దాని మీద నాకు అనుమానం లేదు. 1975లో వచ్చిన ఒక పరిశీలనలో, నోట్లోకి తెరుచుకున్న దవడ ఫ్రాక్చర్లకు యాంటీబయాటిక్ ఇవ్వని వాళ్లలో సగం మందికి చీము పట్టింది. ఇచ్చిన వాళ్లలో నూటికి ఆరుగురికి పట్టింది. చిన్న పరిశీలనే. కానీ తేడా అంత పెద్దది కాబట్టి ఆ ప్రశ్న అక్కడితో దాదాపు తేలిపోయింది.

చిక్కంతా ‘ఆల్రెడీ నడుస్తోంది కదా’ అన్న మాట దగ్గర వస్తుంది. కొన్నేళ్ల కింద నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఈ మాటే అన్నాను. పేషెంట్ మిర్యాలగూడ వైపు రైస్ మిల్లులో హమాలీ. ఇరవై ఎనిమిదేళ్లు, షుగర్ లేదు, దవడ మూలలో ఒక్కటే ఫ్రాక్చర్. ప్లేట్ వేసి ఇంటికి పంపేటప్పుడు ఏడు రోజుల గోలీలు కూడా రాశాను. పందొమ్మిదో రోజు దవడ కింద గడ్డ కట్టి వచ్చాడు. కోసి చూస్తే చీము, వెనక స్క్రూ వదులైపోయింది. ప్లేట్ తీసేసి, చీము కడిగి, పళ్లకు తీగలు కట్టి మళ్లీ మొదటికి రావాల్సి వచ్చింది. రెండు నెలలు బస్తా ఎత్తలేదు. కూలి పోయింది. ఆ ఇంటి మీద పడిన భారం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఆ రాత్రి అతని కేస్ షీట్ ముందేసుకుని లెక్క చూశాను. వార్డులో యాంటీబయాటిక్ టైములు పొద్దున 6, మధ్యాహ్నం 2, రాత్రి 10. ఆపరేషన్ రోజు 6 గంటల డోసు పడింది. నేను కోత పెట్టింది 9:50కి. అమాక్సిసిలిన్ అయినా, దానితో కలిపే క్లావులానిక్ యాసిడ్ అయినా రక్తంలో సగానికి పడిపోవడానికి సుమారు గంట చాలు. 6కి వంద పాళ్లు ఉంటే 7కి యాభై, 8కి ఇరవై ఐదు, 9కి పన్నెండున్నర. నేను కత్తి పట్టేసరికి ఏడో ఎనిమిదో పాళ్లు మిగిలాయి. షీట్ మీద మందు నడుస్తూనే ఉంది, ఎముక దగ్గర అయిపోయింది. ఆపరేషన్ అయ్యాక రాసిన ఏడు రోజుల గోలీలు ఆ లోటు పూడ్చలేదు.

ఆ ఒక్క కారణంతోనే చీము పట్టిందని చెప్పలేను. అతనూ తంబాకు నమిలేవాడు. దవడ మూల ఫ్రాక్చర్లకు మిగతా చోట్ల కంటే ఇబ్బందులు ఎక్కువ. స్క్రూ వదులవడం ముందో, చీము ముందో నాకు తెలియదు. కానీ వాటిలో నా చేతిలో ఉన్నది డోసు టైము. దాన్ని నేను చూసుకోలేదు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు. 1961లో జాన్ బర్క్ అనే సర్జన్ గినీ పిగ్‌ల చర్మంలో సూక్ష్మజీవులు ఎక్కించి, యాంటీబయాటిక్‌ని రకరకాల టైముల్లో ఇచ్చి చూశాడు. సూక్ష్మజీవులు చేరేటప్పటికే మందు ఒంట్లో ఉంటే పుండు దాదాపు లేవలేదు. ఆలస్యమయ్యే కొద్దీ ఫలితం తగ్గుతూ వచ్చి, మూడు గంటలు దాటాక ఇచ్చిన మందుతో ఏ తేడా రాలేదు. 1992లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఒక ఆసుపత్రి వాళ్లు 2,847 ఆపరేషన్ల లెక్క బయటపెట్టారు. కోతకు ముందు రెండు గంటల లోపు మందు పడిన వాళ్లలో నూటికి 0.6 మందికి ఇన్ఫెక్షన్ వచ్చింది. కోత అయ్యి మూడు గంటలు దాటాక మొదలుపెట్టిన వాళ్లలో 3.3. రెండు గంటల కంటే ముందే ఇచ్చేసిన వాళ్లలో 3.8. ఈ చివరి అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మరీ ముందు ఇవ్వడం, మరీ ఆలస్యంగా ఇవ్వడం రెండూ ఒకేలా దెబ్బతీశాయి. మా 6 గంటల డోసు ఆ చివరి గుంపులోదే.

శుక్రవారం

హమాలీ కేసు తర్వాత నేను పెట్టుకున్న పద్ధతి చాలా చిన్నది. ఆపరేషన్ రోజు పొద్దున డోసు వార్డులో పడినా సరే, ఇంకో వయల్ (ఇంజెక్షన్ సీసా) పేషెంట్‌తో పాటే థియేటర్‌కి వస్తుంది. దాని మీద తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి పెన్నుతో ‘థియేటర్‌లో’ అని రాస్తాం. ప్లాస్టర్ లేకపోతే ఏమవుతుందో ఆ శుక్రవారమే తెలిసింది. 8:20కి ట్రాలీ తోసుకొచ్చేటప్పుడు, కొత్తగా చేరిన సిస్టర్ ‘థియేటర్‌కి పంపే ముందు ఇంజెక్షన్’ అన్న పాత అలవాటుతో సిరంజి చేతిలోకి తీసుకుంది. వయల్ తిప్పి చూసి, ప్లాస్టర్ చదివి, మళ్లీ ట్రేలో పెట్టేసింది.

అప్పుడే ఇచ్చి ఉంటే ఏమయ్యేది? ఇక్కడే ఆ మెడ అడ్డొచ్చేది. మెడ వెనక్కి వంగదు, నోరు తెరుచుకోదు. మామూలుగా మత్తిచ్చి గొట్టం వేయడం కుదరదు. మెలకువలోనే ముక్కులోకి, గొంతులోకి మొద్దుబారే మందు కొట్టి, సన్నటి కెమెరా గొట్టం మీదుగా ముక్కులోంచి ట్యూబ్ దించాలి. దవడ కేసుల్లో ట్యూబ్ నోట్లో ఉంటే పళ్లు కలిపి చూసుకోలేం కాబట్టి ముక్కే దారి. మా మత్తు డాక్టర్ తొందరపడలేదు. ఎడమ ముక్కులో రక్తం కారితే ఆపి, కుడి వైపు నుంచి వెళ్లింది. పేషెంట్ చెయ్యి పట్టుకుని “అయిపోవచ్చింది, ఊపిరి తీసుకోండి” అంటూనే ఉంది. 8:55కి మొదలుపెడితే ట్యూబ్ కట్టేసరికి 9:42 అయింది.

9:48కి 1.2 గ్రాముల డోసు ఎక్కింది. సిస్టర్ ఆ టైము పైకి చదువుతూ గోడ మీద తెల్లబోర్డు మీద రాసింది. కడిగి, గుడ్డలు కప్పి, కోత పెట్టేసరికి 10:06. పద్దెనిమిది నిమిషాల తేడా. వార్డులో 8:20కి ఇచ్చి ఉంటే అప్పటికి గంటా నలభై ఆరు నిమిషాలయ్యేది. మూడో వంతు కూడా మిగిలేది కాదు.

ఆపరేషన్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. వేరు విరిగి, చుట్టూ చిగురు పుండైన జ్ఞానదంతాన్ని తీసేశాం. వేరు విరగకుండా, చుట్టూ పుండు లేకుండా ఉండి ఉంటే వదిలేసేవాణ్ణి. గడ్డం వైపు రెండు ప్లేట్లు, మూల దగ్గర పై అంచున ఒకటి వేశాం. ఫ్లోరోసిస్ ఎముక డ్రిల్‌కి రాయిలా తగిలింది. అలాంటి ఎముకలో తొందరపడి రంధ్రం చేస్తే వేడెక్కి చుట్టూ ఎముక చచ్చిపోతుంది, తర్వాత స్క్రూ వదులవుతుంది. ఆగి ఆగి, సెలైన్ పోస్తూ చేశాం. అందుకే టైము పట్టింది. 11:48కి బోర్డు చూసి సిస్టర్ “సార్, రెండు గంటలైంది” అంది. రెండో డోసు ఇచ్చాం. సెఫజోలిన్ అయితే నాలుగు గంటల దాకా ఆగొచ్చు. ఈ మందుకు రెండు గంటలే. రక్తం లీటరున్నర దాటి పోయినా టైముతో పని లేకుండా మళ్లీ ఇవ్వాలి. ఈయనకు రెండు వందల మిల్లీలీటర్లు కూడా పోలేదు. చివరి కుట్టు 12:40కి. ఆపరేషన్ అంతసేపూ షుగర్ 140–175 మధ్య ఉంది. 200 దాటనివ్వకూడదన్నది మేం పెట్టుకున్న హద్దు.

“గోలీలు రాయలేదేంది సారు?”

ఆ రాత్రి 8కి ఒక డోసు, తెల్లవారుజామున 4కి ఒక డోసు ఇచ్చి, యాంటీబయాటిక్ ఆపేశాం.

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2017లో ఇచ్చిన సూచన ఇంకా కఠినంగా ఉంటుంది: నోటి లాంటి చోట్ల పద్ధతిగా చేసిన ఆపరేషన్ అయితే, కుట్లు వేశాక ఇంకో డోసే వద్దంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇదే చెప్పింది. నేను 24 గంటల లోపు ఇంకో రెండు డోసులు వేశాను. ఐదు రోజుల పాత గాయం, చుట్టూ పుండైన పన్ను, అదుపులో లేని షుగర్ చూసి తీసుకున్న నిర్ణయం అది. ఆ రెండు డోసులు లేకపోయినా ఇలాగే మానేదేమో. అంతకు మించి పొడిగిస్తే మాత్రం మేలు కనిపించలేదు, కీడు కనిపించింది. 2019లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 79 వేల మందికి పైగా ఆపరేషన్ల లెక్క తీశారు. వాటిలో దవడ ఆపరేషన్లు లేవు, ఎక్కువగా గుండె, కీళ్లు, పెద్దపేగు, రక్తనాళాలవి. అయినా సంగతి మనకూ వర్తించేదే. యాంటీబయాటిక్ ఎన్ని రోజులు పొడిగిస్తే కిడ్నీ దెబ్బతినడం, క్లాస్ట్రిడియం డిఫిసిల్ జబ్బు రావడం అంత పెరిగాయి. ఇన్ఫెక్షన్లు మాత్రం తగ్గలేదు.

ఇదంతా కాగితం మీద. డిశ్చార్జ్ రోజు ఎదురుగా నిలబడింది ఆయన తమ్ముడు. చీటీ మీద పారాసిటమాల్, ఐదు రోజులకు ఇంకో నొప్పి గోలీ, నోరు పుక్కిలించే క్లోర్‌హెక్సిడిన్, ఇన్సులిన్. అంతే.

“గోలీలు రాయలేదేంది సారు? గింత పెద్ద ఆపరేషన్ చేసి ఉత్త నొప్పి గోలీలేనా? పైసలకు ఎనకాడేటోళ్లం కాదు మేము.”

ఆ కోపం వెనక ఉన్నది అన్న మీద ప్రేమే. అతనితో తోట భాషలోనే మాట్లాడాను. “పురుగు రాకముందే చెట్టు మీద మందు ఉంటే పని చేస్తది. వారం రోజులు ఖాళీ చెట్టుకు కొడితే ఏమైతది?” కాసేపు ఆలోచించి, “పురుగుకు అలవాటైతది. తర్వాత ఏ మందుకూ చావది” అన్నాడు. నేను చెప్పాల్సింది అతనే చెప్పాడు. అయినా పూర్తిగా నమ్మలేదు. నా ఫోన్ నంబర్ రాసిచ్చి, మూడు గుర్తులు చెప్పాను: నాలుగో రోజు తర్వాత వాపు పెరిగినా, నోట్లో చేదుగా చీము వచ్చినా, జ్వరం వచ్చినా ఏ టైమైనా సరే ముందు నాకు చేయాలి.

ఆపరేషన్ అయిన మూడో రోజు రాత్రి ఫోన్ వచ్చింది. “చెంప బుర్రలెక్క ఉబ్బింది సారు. ఇక్కడ సెఫ్ట్రియాక్సోన్ ఎక్కిస్తమంటున్రు.” దవడ ఆపరేషన్ వాపు 48 నుంచి 72 గంటల మధ్యే ఎక్కువగా ఉంటుంది, అది కోత వల్ల వచ్చే వాపు. కానీ ఫోన్‌లో విని ‘ఏం కాదులే’ అనేసే పేషెంట్ కాదు ఈయన, షుగర్ ఉంది. ఫొటో పంపమన్నాను. ఎరుపు లేదు, చర్మం మెరవట్లేదు. జ్వరం చూడమంటే 99. నోరు నిన్నటిలాగే తెరుచుకుంటోంది. షుగర్ 162. సూది వద్దని, పొద్దున్నే రమ్మని చెప్పాను. తెల్లారి మొదటి బస్సుకే వచ్చారు. వేలితో నొక్కి చూస్తే మెత్తటి వాపే. ఐదో రోజుకు తగ్గడం మొదలైంది. నిజంగా చీము ఉండి ఉంటే సూదితో సరిపోయేది కాదు, కోసి బయటికి తీయాల్సి వచ్చేది. ఎక్కించిన సెఫ్ట్రియాక్సోన్ ఆ గుర్తులను కొన్నాళ్లు కప్పిపెట్టేది.

పదకొండో రోజున మాత్రం నాకే టెన్షన్ పట్టుకుంది. జ్ఞానదంతం తీసిన చోట కుట్టు అర సెంటీమీటరు మేర విడిపోయింది. లోపల ప్లేట్ మెరుస్తూ కనిపించలేదు గానీ, దగ్గరికి వచ్చేసింది. చీము లేదు, వాసన లేదు, కొద్దిగా అన్నం మెతుకులు ఇరుక్కున్నాయి. పాత నేనైతే ఆ చీటీ మీద ఐదు రోజుల గోలీలు రాసేవాణ్ణి. అది పేషెంట్ కోసం కాదు, నా నిద్ర కోసం. విడిపోయిన కుట్టుకు కావాల్సింది శుభ్రం. సూది లేని సిరంజి ఇచ్చి, తిన్న ప్రతిసారీ గోరువెచ్చటి ఉప్పు నీళ్లతో ఎలా కడగాలో ఆయన భార్యకు చేసి చూపించాను. తంబాకు ఆ రోజుతో పూర్తిగా మానేయమని అడిగాను. రెండ్రోజులకోసారి చూశాను. ఇరవై నాలుగో రోజుకు చిగురు మూసుకుంది.

ఒక్క కేసు చూపించి ఈ పద్ధతే సరైనదని నిరూపించానని అనుకోవడం లేదు. ఐదు రోజులు గోలీలు వాడి ఉన్నా ఈయనకు మానేదేమో. ఇది దవడ ఫ్రాక్చర్ కేసు కాబట్టి ముందు కూడా మందు నడిపాం. ముఖం మీద చేసే అన్ని పనులకూ ఇంత అవసరం లేదు. కోత లేకుండా సరిచేసే దవడ కీలు ఫ్రాక్చర్‌కి యాంటీబయాటిక్ అక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు జ్ఞానదంతం తీసేటప్పుడు కూడా అందరికీ ఇవ్వాల్సిన పని లేదు. పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ వాళ్ల 2021 నాటి సమీక్ష లెక్కలో, ఒక్కరికి ఇన్ఫెక్షన్ ఆపడానికి పందొమ్మిది మందికి మందు ఇవ్వాల్సి వస్తోంది. ఇప్పటికే చీము పట్టి వచ్చిన వాళ్ల సంగతి పూర్తిగా వేరు, అక్కడ ఇచ్చేది చికిత్స, నివారణ కాదు.

ఆరో వారం ఓపీజీలో రెండు ఫ్రాక్చర్ల గీతలూ మసకబారాయి. పళ్లు సరిగ్గా కలుస్తున్నాయి. జొన్నరొట్టె పాలలో నానేసి తింటున్నారు. పెదవి మొద్దు చాలావరకు పోయింది, గడ్డం మీద రూపాయి బిళ్లంత మేర మాత్రం చీమలు పాకినట్టు ఉందన్నారు. హెచ్‌బీఏ1సీ మళ్లీ చూడటానికి ఇంకా టైముంది. తంబాకు పూర్తిగా మానలేదు, తగ్గించానన్నారు. భార్య పక్కనే ఉండి కాదన్నట్టు తల ఊపింది.

వెళ్లేముందు ఆమె కవరులోంచి మా డిశ్చార్జ్ కార్డు తీయించి, దాని మీద తెలుగులో రాసిచ్చాను: ‘పెన్సిలిన్ జాతి మందులు ఈయనకు పడతాయి. మా దగ్గర అమాక్సిసిలిన్ ఇచ్చి చూశాం, ఏ ఇబ్బందీ రాలేదు.’ కింద తేదీ వేసి, సంతకం పెట్టాను. ఆమె దాన్ని రెండుసార్లు చదివించుకుని, ఆధార్ కార్డు వెనక పెట్టి రబ్బరు బ్యాండు వేసింది.